ఆకులు ఊడ్చని వల్లకాడు



హౌరాలో మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషను లిలువా. కూచోడానికి చోటు వెతుక్కునేలోపే వచ్చేస్తుంది. 1900లో ఈస్టిండియన్ రైల్వే వాళ్ళు ఇక్కడ రైలుపెట్టెల కార్ఖానా పెట్టారు. అప్పట్నించి ఊరంతా దాని చుట్టూ అల్లుకుంది. మా నాన్న అందులో ఫిట్టరు. మా తాత ఇంకా ముందే శ్రీకాకుళం పక్క పల్లె నుంచి హౌరా జూట్ మిల్లుకి వచ్చాడు. నేను పుట్టిందీ, బడిపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయిందీ ఇక్కడే. ఇంట్లో మాత్రం ఇప్పటికీ అమ్మ యాసే రాజ్యం చేస్తుంది.

చలికాలం ఆదివారాలు నేను బైనాక్యులర్స్ మెడలో వేసుకుని చీకటితో బయల్దేరితే, అమ్మ మంచం మీంచే అడుగుతుంది: "ఏటే, ఇంకా తెల్లారనేదు, వల్లకాడికెల్తావేటి?"

నేను వెళ్ళేది కట్టెలు కాలే చోటుకి కాదమ్మా, పాత దొరల సమాధుల తోటకి అని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడకి ఆ తేడా పట్టదు. చచ్చినవాళ్ళు ఉన్న చోటు ఏదైనా వల్లకాడే. తిరిగొచ్చాక గుమ్మం బయట కాళ్ళు కడుక్కుంటేనే లోపలికి రానిస్తుంది. కడుక్కుంటాను. నాకు పోయేదేం లేదు. ఆ పూట ఏం చూశానో గుమ్మం దగ్గరే చెప్పడం కూడా అలా అలవాటైంది.

చూసేది పిట్టల్ని. నీళ్ళ మీద దిగే పెద్ద పిట్టల్ని కాదు. వాటికి అభిమానులు తక్కువేం లేరు. మా హౌరాలోనే సాంత్రాగాఛీ చెరువుంది. చలికాలం వస్తే చిన్న ఈలబాతులు వేలల్లో దిగుతాయి, గట్టు మీద జనం బారులు తీరతారు. మా శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది. చింతచెట్ల మీద గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ గూళ్ళు కడితే ఊరివాళ్ళు ఇంటి ఆడపిల్లలు పురిటికొచ్చినట్టు చూసుకుంటారు. నేను చెప్పేది గుప్పిట్లో దాగిపోయేంత చిన్నవాటి గురించి. కొమ్మల్లో, పొదల్లో, రాలిన ఆకుల్లో తిరిగేవి. వాటి కోసం ఎవరూ గట్టు మీద నిలబడరు.

మాకు వాటి కాలం మొదలైందని చెప్పేది ఒక గోధుమరంగు పిట్ట. దుర్గాపూజ పందిళ్ళకి లారీల్లోంచి వెదుళ్ళు దించే రోజులు, సెప్టెంబరు. కాలనీ వెనక ముళ్ళకంచె మీద ఒక పొద్దున గరగరమని గొంతు చించుకుని అరుస్తుంది. కళ్ళ మీదుగా నల్లటి పట్టీ, దొంగ ముసుగు కట్టుకున్నట్టు. ఇంగ్లీషువాళ్ళు బ్రౌన్ ష్రైక్ అంటారు. పట్టిన పురుగుని ముల్లుకి గుచ్చి పెట్టుకుంటుందని ఈ జాతిని బెంగాలీలు కసాయి పిట్ట అంటారు. సైబీరియా, మంగోలియా వైపు గూడు కట్టి, పిల్లల్ని లేపి, ఇక్కడికి వస్తుంది. వచ్చిన రోజునే తన హద్దులు తను గీసుకుంటుంది. ఆ అరుపు అందుకే. ముందు వచ్చినదానికి మంచి చోటు. మరుసటేడు మళ్ళీ అదే చోటుకి రావడం దీని అలవాటు. మా కంచె మీద అదే కూచుంటుందో దాని కొడుకు కూచుంటాడో నేను చెప్పలేను గానీ, కంచె స్తంభం మాత్రం మారదు.

ఇక్కడ ఒక మాట. వలస అనగానే మనుషుల వలసనీ పిట్టల వలసనీ కలిపి కుట్టేసే అలవాటు మన రచయితలకి ఉంది. నాకది నచ్చదు. పిట్ట ఏటా తిరిగి వెళుతుంది. మా తాత వెళ్ళలేదు.

సరే, సమాధుల తోటే ఎందుకు? దానికి కొంచెం రాత్రిలోకి వెళ్ళాలి. ఈ చిన్న పిట్టల్లో చాలావరకు ప్రయాణం చేసేది చీకట్లో. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది, ఒళ్ళు వేడెక్కదు, డేగల భయం తక్కువ. దారి చూసుకోడానికి చుక్కలు, భూమి అయస్కాంతం. పగలు దిగి మేస్తాయి, మళ్ళీ చీకటి పడ్డాక లేస్తాయి. గ్రీనిష్ వార్బ్లర్ అని ఒకటుంది, బరువు మన పది రూపాయల బిళ్ళంత. ఆ బిళ్ళని ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. అంత బరువున్న ప్రాణం ఉత్తరాన అడవుల నుంచి రెక్కలాడించుకుంటూ ఇక్కడికి వస్తోంది.

ఇప్పుడు ఆ పిట్టకి తెల్లారిందనుకోండి. కింద హౌరా. రేకుల షెడ్లు, ఫౌండ్రీలు, రైలుపట్టాలు, గోడకి గోడ ఆనించిన ఇళ్ళు. అవతల గంగ, గంగ దాటితే కలకత్తా. ఒళ్ళంతా అలసట, కడుపులో ఆకలి. ఆ బూడిదరంగులో ఎక్కడో ఒక ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే దిగక ఏం చేస్తుంది? పార్కులూ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిలో పొద్దున్నే పరుగులు, నవ్వుల క్లబ్బులు, మైకులో యోగా. పొదల్ని గుండ్రంగా కత్తిరిస్తారు, ఆకు రాలితే ఊడ్చేస్తారు. సమాధుల తోటలో ఆ బాధ లేదు. అక్కడ పడుకున్నవాళ్ళు పరుగెత్తరు. చెట్టు ముసలిదయ్యేదాకా బతుకుతుంది. ఎండిన కొమ్మకి తొర్ర పడుతుంది, తొర్రలో పురుగు చేరుతుంది. ఊరి మధ్యలో వందేళ్ళు ఎవరూ ఇల్లు కట్టని నేల ఇదొక్కటే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో బోస్టన్ పక్కన కేంబ్రిడ్జిలో మౌంట్ ఆబర్న్ అని 1831లో పెట్టిన శ్మశానవాటిక ఉంది. మే నెలలో అక్కడి వార్బ్లర్లని చూడటానికి పొద్దున్నే జనం చేరతారు. న్యూయార్కు బ్రూక్లిన్‌లో గ్రీన్-వుడ్ కూడా అంతే. ఆ ఊళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. మీ అబ్బాయో అమ్మాయో అక్కడుంటే ఈసారి వసంతంలో ఒక పూట వెళ్ళి చూడమనండి. మా అమ్మలా మీరూ కాళ్ళు కడుక్కోమనండి, తప్పులేదు.

కలకత్తాలో అందరికీ తెలిసిన సమాధుల తోట పార్కు స్ట్రీటుది. 1767లో తెరిచారు. పార్కు స్ట్రీటుకే ఒకప్పుడు బరియల్ గ్రౌండ్ రోడ్డని పేరు. తోట ముందు, వీధి పేరు తర్వాత. సత్యజిత్ రాయ్ డిటెక్టివ్ ఫెలూదా కథ 'గోరస్థానే సాబధాన్' నడిచేది అక్కడే కాబట్టి బెంగాలీ పిల్లలకి అది భయం కలిపిన ముచ్చట. లోపలికెళితే నిలువెత్తు గోపురాలు, పిరమిడ్లు, స్తంభాల మండపాలు, అన్నిటి మీదా నాచు. విలియం జోన్స్ సమాధి మీద సూదిలాంటి స్తంభం అన్నిటికన్నా ఎత్తు. నాకు మాత్రం రాబర్ట్ కిడ్ సమాధి దగ్గర కూచోడం ఇష్టం. 1787లో శిబ్‌పూర్‌లో, మా హౌరా వైపే, బొటానికల్ గార్డెన్ పెట్టించినవాడు ఆయన. చచ్చాక తన తోటలోనే ఏ తంతూ లేకుండా పాతిపెట్టమన్నాడు. 1793లో పోతే తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. ఆయన పోయాక తోట బాధ్యత తీసుకున్న రాక్స్‌బర్గ్ ఎక్కడి నుంచి వచ్చాడనుకున్నారు? మన సామర్లకోట నుంచి. మన కోస్తా మొక్కల్ని బొమ్మలు గీయించి, తెలుగు పేర్లు రాయించి, పుస్తకాలు వేయించిన మనిషి. ఇక కిడ్ సంగతంటారా, ఆయన అడిగిన తోట రెండొందల ఏళ్ళలో ఆయన దగ్గరికే వచ్చింది. సమాధి చుట్టూ ఇప్పుడంతా చెట్లే.

అక్కడ నాకు అక్టోబరు నుంచి మార్చి దాకా తప్పకుండా కనిపించేవి రెండు. ఒకటి టైగా ఫ్లైక్యాచర్. ఉరల్ కొండలకి తూర్పున గూడు కట్టేది. సమాధి అంచు మీద పిట్టగోడ మీద కూచున్నట్టు కూచుని, తోక టక్కున పైకెత్తి, గాల్లో ఈగని అందుకుని మళ్ళీ అదే అంచు మీదికి వస్తుంది. దాని మాట చిన్న గిలక తిప్పినట్టు ట్‌ర్‌ర్‌ర్ అని. రెండోది ఇందాకటి పది రూపాయల బిళ్ళ. అది చెట్టు పైకొమ్మల్లో ఉంటుంది, కనిపించదు. 'చిస్‌వీ, చిస్‌వీ' అని ఒకటే పిలుపు. రోడ్డు మీద బస్సుల హారన్లు దాటుకుని వినిపిస్తుంది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నది దీన్ని విన్నాకే ఎవరో అని ఉంటారు.

పొదల్లో 'చెక్, చెక్' అని నాలుక అంగిలికి తగిలించినట్టు వినిపిస్తే అది బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. ఈ బ్లైత్ ఎవరో కాదు, 1841 నుంచి ఇరవయ్యేళ్ళు ఇదే పార్కు స్ట్రీటులోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్. 1849లో ఈ పిట్టకి శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. పేరు పెట్టిన చోటుకి కూతవేటు దూరంలో ఆ పిట్ట ఇంకా వచ్చి తిడుతూనే ఉంది.

ఒక ఇబ్బంది: పార్కు స్ట్రీటు గేటు తెరిచేసరికి పొద్దెక్కిపోతుంది. పిట్టలకి ముఖ్యమైన రెండు గంటలూ అప్పటికే అయిపోతాయి. అందుకని మాకు దగ్గర్లోని చోట్లు వెతుక్కున్నాను. లిలువాకి పక్కనే, గంగ ఒడ్డున ఘుసుడిలో భోట్ బాగాన్ ఉంది. భోట్ అంటే టిబెట్. వారెన్ హేస్టింగ్స్ కాలంలో పంచెన్ లామా కోరిక మీద పూరణ్‌గిరి అనే గోసాయి నిలబెట్టిన మఠం. ఆ గోసాయి హిమాలయాలు దాటి టిబెట్‌కీ కలకత్తాకీ కబుర్లు మోసినవాడు. 1795లో దొంగలు మఠం మీద పడి ఆయన్ని చంపేశారు. సమాధి అక్కడే ఉంది. కొండల్లోంచి దిగివచ్చే వర్డిటర్ ఫ్లైక్యాచర్, అంటే ఒళ్ళంతా ఆకుపచ్చ కలిసిన నీలం రంగు పిట్ట, చలికాలంలో ఘుసుడి వైపు చెట్ల మీద కనిపిస్తే నాకు ఆ గోసాయి గుర్తొస్తాడు.

ఇక నా అసలు చోటు. అది హౌరాలో ఒక పాత క్రైస్తవ సమాధుల తోట. పేరు చెప్పను. చెప్తే వచ్చే ఆదివారానికి పెద్ద పెద్ద లెన్సులు వచ్చి వాలతాయి. ఫోన్లో కూత పెట్టి పిట్టని బయటికి పిలుస్తారు. శత్రువు వచ్చిందనుకుని అది ఉన్న కాస్త బలమూ ఆ ఫోను చుట్టూ తిరగడానికి ఖర్చు పెడుతుంది. రాత్రంతా ఎగిరి వచ్చినదాన్ని అలా పిలవడం, పట్నం నుంచి పాసింజరు బండిలో వచ్చిన చుట్టాన్ని కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా కచేరీకి రమ్మనడం లాంటిది.

ఆ తోటకి ఒక మాలీ ఉన్నాడు. నేను కాకూ, అంటే బాబాయ్, అంటాను, ఆయన దీదీ అంటాడు. వయసులో నాకన్నా చిన్నవాడేనేమో, అయినా మొదటిరోజు నోటికి వచ్చిన వరస అలాగే నిలిచిపోయింది. మొదట్లో నేనెవరి సమాధి కోసం వస్తున్నానో ఆయనకి అంతుపట్టేది కాదు. ఒకరోజు అడిగేశాడు. పిట్టల కోసమన్నాను. చాలాసేపు నా బైనాక్యులర్స్‌లోంచి చూసి, "ఇవా? ఇవి ఎప్పుడూ ఉంటాయి కదా" అన్నాడు. ఎప్పుడూ ఉండవు, మార్చి దాటాక వెతకమన్నాను. ఏప్రిల్లో కలిసినప్పుడు, "నిజమే దీదీ, తోక ఎత్తేది వెళ్ళిపోయింది" అన్నాడు. అప్పట్నించి నాకన్నా ఆయనే బాగా చూస్తున్నాడు. రోజంతా అక్కడుండేది ఆయనే కదా.

ఒక మే నెల. ముందురోజు రాత్రి కాలవైశాఖి గాలివాన విరుచుకుపడింది. రేకులు లేచిపోయాయి, కరెంటు లేదు. పొద్దున్నే కాకూ ఫోను: "దీదీ, తోక కోసేసిన పిట్ట ఒకటి వచ్చింది. ఎగరడం లేదు, నడుస్తోంది."

వెళ్ళాను. ఒక మూల మామిడీ, మర్రీ కలిసిపోయిన చోట, మోకాటి లోతు ఆకులు. కూచున్నాం. చాలాసేపు ఏం లేదు. తర్వాత ఒక ఆకు దానంతటదే తిరగబడింది. పక్కన ఇంకో ఆకు. ఆకుల వెనక నిలబడి ఉంది అది. గోరింకకన్నా కాస్త చిన్నది. వీపు ఆకుపచ్చ. భుజం మీద మెరిసే నీలం. కళ్ళ మీదుగా నల్ల గీత, గొంతు తెలుపు, రొమ్ము గంధం రంగు, పొట్ట కింద కుంకుమ. తోక ఉందా అంటే ఉందనిపించుకోడానికి ఉంది. రెండు గెంతులు గెంతి, ముక్కుతో ఆకు విసిరి, వానపాముని లాగింది.

"శుమ్‌చా," అన్నాడు కాకూ మెల్లిగా. బెంగాలీలో దాని పేరు అది. హిందీ వాళ్ళు నవరంగ్ అంటారు. తమిళంలో ఆరుమణి కురువి, అంటే ఆరుగంటల పిట్ట. పొద్దున్నా, సాయంత్రం ఆరింటి వేళ రెండు ముక్కల ఈల వేస్తుంది కాబట్టి. నాకు ఆ క్షణంలో వేరే పేరు గుర్తొచ్చింది. మా తాత క్వార్టర్సు వరండాలో కూచుని తన ఊరి పిట్టల పేర్లు వరసగా చెప్పేవాడు. పసలపోలిగాడు, తోకపిగిలి పిట్ట, వంగపండు, పొన్నంకి పిట్ట. చివరిదానికి తొమ్మిది రంగులనేవాడు. దాన్ని ఆయన కథ కోసం కల్పించాడనుకున్నాను చిన్నప్పుడు. తొమ్మిది రంగుల పిట్ట ఎక్కడైనా ఉంటుందా? ఉంది. తాత పోయిన ముప్ఫై ఏళ్ళకి, ఎవరో దొరసాని సమాధి పక్కన వానపాము తింటూ కనిపించింది.

చలికాలం మన దక్షిణాదిలో, సింహళంలో గడిపి, తొలకరికి ముందు హిమాలయాల పాదాలకీ మధ్యభారతం అడవులకీ వెళుతుంది పొన్నంకి పిట్ట. అదీ రాత్రి ప్రయాణమే. అలసిపోయి ఊళ్ళ మధ్యన, ఇళ్ళల్లో కూడా దిగిపోతూ ఉంటుంది. శాస్త్రం లెక్కన ఇది అసలు పాడే పిట్టల శాఖలోది కాదు, దాయాది శాఖలోది. ఆ ఈల విన్నవాళ్ళు ఆ లెక్క పట్టించుకోరు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. లిన్నేయస్ 1766లో దీన్ని కాకుల జాతిలో కలిపేశాడు. 1816లో వియెయో అనే ఫ్రెంచి పండితుడు విడదీసి కొత్త జాతి పెట్టాడు. దానికి ఆయన ఎంచుకున్న పేరు పిట్టా. అవును, మన పిట్టే. తెలుగు మాట. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా, జపాన్ దాకా ఉన్న నలభైకి పైగా రకాలకి ప్రపంచమంతా ఇవాళ పిట్టా అనే పేరు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1862-64లో భారతదేశపు పిట్టల మీద పెద్ద పుస్తకం వేశాడు. అచ్చయింది ఈ కలకత్తాలోనే. అందులో ఇంగ్లీషు, హిందుస్తానీ, బెంగాలీ పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. మన పేర్లు వెతుక్కోడానికి ఇప్పుడు మనమే ఆ పుస్తకం తెరవాల్సి వస్తోంది. తెలుగునాట ఎంతమంది పిల్లలకి పసలపోలిగాడు తెలుసు? నా బడిలో పిల్లలు కనీసం దాన్ని ఫింగే అని బెంగాలీలో చెప్పేవాళ్ళు.

తర్వాతి సంగతి అంత బాగోదు. రెండేళ్ళకి ఆ తోటని బాగుచేద్దామని కొందరు ముందుకొచ్చారు. దారులకి పలకలు పరిచారు, పొదలు నరికారు, మూలనున్న ఆకులన్నీ కుప్పపోసి కాల్చేశారు. వాళ్ళని తప్పుపట్టను. తమ పెద్దల సమాధి శుభ్రంగా ఉండాలని ఎవరికుండదు? పైగా మాకు డెంగీ భయం, పాముల భయం. కానీ ఆ ఏడాది చలికాలమంతా నేల మీద తిరిగే పిట్ట ఒక్కటీ కనిపించలేదు. కొమ్మల మీదివి వచ్చాయి. ఆకుల్లో వెతుక్కునే నారింజ తల థ్రష్ రాలేదు. మే నెలలో గాలివానలు వచ్చాయి, కాకూ ఫోను రాలేదు.

రాలిన ఆకు చెత్త కాదు. తడి పట్టి ఉంచుతుంది. ఆ తడిలో వానపాము, చెదపురుగు, నత్త, గొంగళి. అది కాలిస్తే నేల మీద మేసే పిట్టకి వంటిల్లు కాల్చినట్టే. డెంగీ దోమ పెరిగేది నిలవనీళ్ళలో, పగిలిన కుండీల్లో, ప్లాస్టిక్ గిన్నెల్లో. తీసెయ్యాల్సింది వాటిని. నేనూ కాకూ కలిసి అడిగితే, దారి పక్కన శుభ్రంగా ఊడ్చి, మర్రిచెట్టు మూల ఒక్కటీ వదిలేయడానికి ఒప్పుకున్నారు. పాతిక గజాల చోటు. తర్వాతి డిసెంబర్లో థ్రష్ తిరిగొచ్చింది. గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఆ మాట చెప్తే, "ఎవులూ ఊడవకపోతే వచ్చేత్తాదేటి?" అంది అమ్మ. అంతేనమ్మా అన్నాను.

శ్రోతలారా, మీ ఊళ్ళోనూ ఒక వల్లకాడో, సమాధుల తోటో ఉంటుంది. అక్కడ పనిచేసే మనిషిని పలకరించండి. ఏదైనా ఒక మూల ఆకులు ఊడ్చకుండా, కాల్చకుండా వదలమని అడగండి. పొన్నంకి పిట్ట ఏడాదికి రెండుసార్లు మన నేల మీదుగా వెళుతుంది. చలికాలానికి ముందు ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి. ఆరుగంటల వేళ రెండు ముక్కల ఈల వినిపిస్తే కొమ్మల్లో వెతక్కండి. నేల మీద చూడండి.